నరుసె రాజీనామా

ట్రంకుపెట్టె మూత ఎత్తిన సుచిత్రకు లోపలున్న నోటుబుక్కు నెత్తురులో ముంచి తీసినట్టు ఎర్రగా కనిపించింది.

ఆమె కేక వేయలేదు. పక్క గదిలో నాన్న కాఫీ తాగుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. గుండెకు స్టెంటు వేసి ఏడాది కూడా కాలేదు. మూత మెల్లగా దించింది. పది లెక్కపెట్టి మళ్లీ ఎత్తింది. ఎరుపు ఎక్కడికీ పోలేదు.

ఆ నోటుబుక్కు సంగతి ఇదీ.

బోధన్ పక్కన, వలస వచ్చిన రైతుల క్యాంపులో ఉండే సుచిత్ర తండ్రి వెంకట్రావు రిటైరైన హిస్టరీ లెక్చరర్. తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ కుటుంబం. ఆయన పన్నెండేళ్లుగా ఒకే మనిషి జీవితం రాస్తున్నాడు. ఆ మనిషి నరుసె షోహెయ్. జపాను చక్రవర్తి కొలువులో దౌత్యవేత్త. ఉప్పు వ్యాపారి కొడుకు, పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరాడు. అప్పట్లో జపాను ఏలుబడిలో ఉన్న ఫార్మోసా దీవిలో చెరుకు వ్యవహారాలు చూశాడు. బొంబాయిలో కాన్సల్ అయ్యాడు. 1938 చలికాలంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు చూడ్డానికి వచ్చి, తిరుగుదారిలో చలిజ్వరం తగిలి రోడ్డు పక్కన పడిపోయాడు. రెంజల్‌లో చెరుకుబండి తోలే గంగారాం ఆయన్ని బండిలో వేసుకొని ఇంటికి తీసుకుపోయి, పదకొండు రోజులు సాకి బతికించాడు.

బతికి వెళ్లిన నరుసె పైపైకి ఎదిగాడు. విదేశాంగ ఉపమంత్రి అయ్యాడు. 1942లో, యుద్ధం మధ్యలో, హఠాత్తుగా రాజీనామా చేశాడు. ఆక్రమించిన ప్రాంతాల్లో రైతుల ధాన్యం జప్తు చేసే ఉత్తర్వు మీద సంతకం పెట్టనన్నాడని లోకం చెప్పుకుంది. యుద్ధం ముగిశాక ఎన్నికల్లో నిలబడితే ‘సంతకం పెట్టని నరుసె’ అన్న ఒక్క మాట ఆయన్ని పార్లమెంటుకు పంపింది. సొంత ఊళ్లో ఆయనకు విగ్రహం ఉంది.

1950లో ఆయన గంగారాం పేరిట ఒక నోటుబుక్కు పోస్టులో పంపాడు. అది రెంజల్ చేరేసరికి గంగారాం లేడు. పొట్లం విప్పకుండానే అటకెక్కింది. మూడు వారాల కింద గంగారాం మనవడు పోశన్న పాత ఇల్లు విప్పుతుంటే బయటపడింది. పోశన్న దాన్ని తువ్వాలలో చుట్టుకొని నేరుగా వెంకట్రావు చేతిలో పెట్టాడు. ఇద్దరిదీ నలభై ఏళ్ల స్నేహం మరి.

నోటుబుక్కు ఇంగ్లీషులో ఉంది. ఆకులు తేమకు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వెంకట్రావు సన్నటి వెదురు పుల్లతో రోజుకు రెండు ఆకులు, ఒంట్లో బాగుంటే మూడు, విడదీస్తున్నాడు. విడదీసినవాటిని సుచిత్ర ఫోనులో ఫొటో తీస్తోంది. ఆదివారానికి ముప్పై ఆరు ఆకులు అయ్యాయి; ఆ తరువాత వెల్ల హడావిడిలో పెట్టె తెరవలేదు. రాజీనామా సంగతి ఇంకా రాలేదు.

రేపు నరుసె మునిమనవరాలు అయాకో వస్తోంది. ఆమెను తీసుకురావడానికి సుచిత్ర భర్త ఉమామహేష్ హైదరాబాదు వెళ్లాడు. అయాకో తన ఉత్తరంలో అడిగింది ఒక్కటే: “మా ముత్తాత రాజీనామా ఎందుకు చేశారో అందులో ఉందా?”

ఇప్పుడు ఆ నోటుబుక్కు ఎర్రగా ఉంది.

“ఏమ్మా, పెట్టెలో తల పెట్టి నిద్రపోయావా?” అంటూ వెంకట్రావు గదిలోకి వచ్చాడు.

దాచడానికి వీల్లేకపోయింది. ఆయన చూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

“నాన్నా, మాత్ర?”

“మాత్ర కాదు. కళ్లజోడు.”

అప్పుడే సుచిత్ర తల్లి హనుమాయమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తండ్రీకూతుళ్ల మొహాలు చూసింది. పెట్టెలోకి చూసింది. వేలితో ఎరుపును తాకి, వాసన చూసి, ఇద్దరినీ తేరిపార చూసింది.

“నెత్తురు చూసినట్టు అలా బిగుసుకుపోయారేంటి? ఇది పారాణి.”

“పారాణా?”

“పసుపులో సున్నం కలిపితే వచ్చే రంగు తెలీదూ? నీ పెళ్లికి నీ కాళ్లకు నేనే పూశాను.”

సున్నం ఎక్కడిదో వెంటనే తెలిసిపోయింది. చుట్టం వస్తోందని నిన్న ఆ గదికి వెల్ల వేయించారు. రంగులొద్దు, పుస్తకాలున్న గదికి సున్నమే మంచిదని పట్టుబట్టింది వెంకట్రావే. పెట్టె గోడకు ఆనుకొని ఉంది. మూత కీలు దగ్గర వేలెడు సందు. లోపలి అంచు వెంట తెల్లటి చారలు ఇంకా తడిగానే ఉన్నాయి.

వసారాలో వెల్ల వేస్తున్న రాజమల్లును పిలిచారు. అతను కుంచెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“పెట్టె జరపకుండా వేశావా రాజమల్లూ?” అంది సుచిత్ర.

“జరపనీకి సారే వద్దన్నరు గదమ్మా. ముట్టుకుంటె చెయ్యి ఇరగ్గొడ్త అన్నరు.”

వెంకట్రావు కిటికీలోంచి బయటికి చూశాడు.

“అయితే పసుపు ఎవరు పోశారు?”

“నేను సున్నమేసిన అమ్మా. పసుపు ఏడికెల్లి తెస్త? నాదేమన్న లగ్గమా?” అని నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి కుంచె వెనక దాచుకున్నాడు. “తప్పైతె మాఫ్ చెయ్యిండ్రి. పైసలొద్దు, ఇంకో కోటు ఊకెనే ఏస్త.”

సుచిత్ర నోటుబుక్కును తువ్వాల మీద పెట్టి ఒక్కో ఆకూ తిప్పింది. సిరా చెదరలేదు. అక్షరాలు ఎర్రటి నేల మీద నల్లగా నిలిచే ఉన్నాయి. వెంకట్రావు చెయ్యి ఛాతీ మీంచి దిగింది. హనుమాయమ్మ పొయ్యి మీద పప్పు మాడుతోందని పరిగెత్తింది. గండం గడిచిందనే అనుకున్నారు.

ముప్పై ఏడో ఆకు తిరిగింది. సుచిత్ర ఆగింది.

“నాన్నా, నువ్వు ముప్పై ఆరు దాకానే కదా విప్పావు?”

“అవును.”

“ఇది విడిపోయి ఉంది.”

ముప్పై ఎనిమిది కూడా విడిపోయి ఉంది. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. ఎక్కడా చిరుగు లేదు. ఎంతో ఓపికగా, వెదురు పుల్లతో, తెలిసిన చెయ్యి చేసిన పని. నరుసె ప్రతి ఆకు మీదా మూలన నంబరు వేసుకున్నాడు. నలభై ఒకటో ఆకు చివరి వాక్యం వెంకట్రావు పైకి చదివాడు.

“‘ఇక, గంగారాం, నేను రాజీనామా చేసిన రోజు గురించి నీకు చెప్పాలి.’”

తిప్పాడు. తరువాతి ఆకు మీద నంబరు నలభై మూడు.

నలభై రెండు లేదు.

కుట్టు దగ్గర బ్లేడుతో నిలువునా కోసిన అంచు సన్నగా నిలబడి ఉంది. మిగతా పుస్తకమంతా లేత ఎరుపు. ఇక్కడ మాత్రం ముదురు. కోసిన అంచు పొడవునా, పై నుంచి కింది దాకా, ఎవరో పసుపు పెట్టి బొటనవేలితో ఒత్తారు. ఒత్తిన వేలి గుర్తులు తొమ్మిది. సున్నం నీళ్లు తగలకపోతే అది లేత పసుపు మరకగా మిగిలి, చూసినవాళ్లు పాతకాలపు కాగితం రంగనుకొని పోయేవాళ్లే.

“పసుపు పుస్తకంలో పోయలేదు నాన్నా. కోసిన చోట పెట్టారు. వేలు తెగితే పెట్టినట్టు. మిగతాది అక్కణ్ణుంచి రాలిందే.”

“కాగితానికి పసుపేమిటి?”

“పురుగు పట్టకుండా అనుకుంటా.”

“మన ఇళ్లల్లో అయితే కలరా ఉండలు వేస్తాం,” అంటూ గుమ్మం దాకా వచ్చిన హనుమాయమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆ కోత చూసింది. ఏదో అనబోయి మానుకుంది.

“అమ్మా, చెప్పు.”

“నాకేం తెలీదు.”

“అమ్మా.”

“మొన్న మన కరివేపాకు చెట్టు కొమ్మ నరికి, నరికిన చోట చిటికెడు పసుపు పెట్టి వెళ్లిందెవరు? గేదె కొమ్ము విరిగితే పెట్టిందెవరు? ఆదివారం కొత్త పసుపు పొట్లం కట్టి తెచ్చి నా చేతికి ఇచ్చిందెవరు?” ఆమె గొంతు తగ్గింది. “ఆ పొట్లం విప్పి ఉంది. నేనే విప్పి మరిచిపోయానేమో అనుకున్నా. ఆయన పేరు నా నోటితో చెప్పించకండి.”

వెంకట్రావు బల్ల మీది వెదురు పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఇంట్లో వెదురు పుల్ల పట్టడం నేర్చుకున్నవాడు ఆయన కాక ఒక్కడే. ఫ్యాక్టరీలో చెరుకుబళ్ల కాటా దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తా చేసి, ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కొని చదవడం నేర్చినవాడూ అతనే.

“స్కూటీ తీయమ్మా,” అన్నాడు.

రెంజల్ దారిలో చెరుకు నరుకుతున్నారు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు తగ్గింది. చాలాచోట్ల వరి, పసుపు. లారీలు దూరపు ఫ్యాక్టరీలకు లోడెత్తుకుంటున్నాయి. వెనక కూర్చున్న వెంకట్రావు ఒక్కమాటే అన్నాడు.

“ముందు నువ్వేం అడక్కు. వాడే చెప్పాలి.”

పోశన్న కల్లంలో పసుపు ఉడికించడం అయిపోయి రెండు రోజులైంది. ఎండలో కొమ్ములు పరిచారు. పక్కింటి నాగవ్వతో కలిసి నలుగురు ఆడవాళ్లు కొమ్ములకున్న పీచువేళ్లు గిల్లుతున్నారు. పోశన్న భార్య ముత్తవ్వ చేట దించి నిలబడింది.

“అగో, సారొచ్చిండు! ఏం సారూ, రేపొచ్చే జపాను పిల్ల మా పసుపు తింటదా, సంచిల ఏసుకోని పోతదా?”

“అడిగి చెబుతా ముత్తవ్వా.”

“అడుగుర్రి. మా ఆయనైతె రెండొద్దులసంది బువ్వ ముడుతలేడు. పిల్లొస్తదని కుషీనో, బుగులో, నాకైతె సమజైతలేదు.”

నాగవ్వ తల ఎత్తకుండానే అంది. “ముసలోనికి కొత్త అంగీ కుట్టిచ్చిండ్రు గద. బువ్వ తింటె గుండీలు పట్టయని బయం.”

ఆడవాళ్లంతా నవ్వారు. కల్లం చివర వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చున్న పోశన్న నవ్వలేదు. లేచి నిలబడి తలకు చుట్టిన తువ్వాల తీశాడు.

“రా సారూ. కూసో. బిడ్డా, ఎండల ఎందుకొచ్చిండ్రు? ఫోను చేస్తె నేనే వస్తుంటి గద.”

సుచిత్ర ఫోను తీసి ఫొటో చూపించింది. ఎర్రటి అంచు. తొమ్మిది వేలి గుర్తులు. పోశన్న ఫోనును దగ్గరికి, దూరానికి జరుపుకొని చూశాడు.

“సున్నం తాకిందా?”

“తాకింది.”

“గట్లనా.” మంచం మీద మెల్లగా కూర్చున్నాడు. “ముప్పయ్యేండ్లు కాటా మీద కూసున్న. ఒక్కనాడు ముల్లు అటు ఇటు కానియ్యలే. ఇయ్యాల చిటికెడు పసుపు పట్టిచ్చింది సూడు.”

“నిన్ను దొంగ అనడానికి రాలేదు పోశన్నా.”

“నువ్వు అనవు సారూ. గదే నాకు తిప్పలైంది. తిట్టేటోడివైతె ఆదివారమే చెప్పుదును.” తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “నేనే కోసిన. ఆదివారం నువ్వు తిని జర ఒరిగినవు. నేను ఊకె కూసోలేక పుల్ల పట్టిన. నీకు పని తక్కువైతదనుకున్న. లోపటి ఆకులకు తేమ అంత తాకలే, మంచిగ వచ్చినయి. నలభయ్యొకటి సదివిన. పానం ఆగలే. నలభయ్రెండు విప్పిన. సదివిన. మళ్ల సదివిన. నీ బల్ల మీద బ్లేడుండె. చెయ్యి దానంతల అదే పోయింది.”

“పసుపు?” అంది సుచిత్ర.

“కోసినంక పానం సుర్రుమన్నది బిడ్డా. అంత పాత పుస్తకం. ఉట్టిగ ఎట్ల ఇడిసిపెడ్త? పురుగు దొలుస్తది గద. అమ్మకు తెచ్చిన పొట్లంలకెల్లి చిటికెడు పెట్టి ఒత్తిన. మా అవ్వ దేనికైనా గంతే చేస్తుండె.”

దొంగతనం చేసి, దొంగిలించిన చోటికి మందు పెట్టి వచ్చిన మనిషిని సుచిత్ర మొదటిసారి చూస్తోంది.

“ఎందుకు తీశావు?” వెంకట్రావు అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు.

“నీ కోసమే. అబద్ధం ఎందుకు.” పోశన్న ఆయన కళ్లలోకి చూడలేదు. “పన్నెండేండ్ల సంది సూస్తున్న. ఆయన పేరెత్తితె నీ ముఖం ఎట్లైతదో నీకు తెల్వది. నాకు తెలుసు. దవఖానల స్టెంటేసిన్నాడు, మత్తులకెల్లి లేసి, అమ్మను అడగలే, బిడ్డను అడగలే, ‘జపాన్ నుంచి ఉత్తరమొచ్చిందా పోశన్నా’ అన్నవు. గా కాగితం సదివితె నీ గుండె ఆగుతదనిపిచ్చింది. పుస్తకం ఆగితె ఆగనీ, నువ్వుండాలె గద.”

ముత్తవ్వ చాయి గ్లాసులు తెచ్చి మంచం కోడు దగ్గర పెట్టింది. అంతా వినే వచ్చింది. “సారుకు చెప్పుమని నెత్తి నోరు మొత్తుకున్న. ఇంటడా? కాటా గుమస్తా అన్నంక నోరు తెరుస్తడా?”

“నువ్వాగవే.” పోశన్న గ్లాసు ముట్టలేదు. “ఇంకోటి గుడ ఉన్నది సారూ. గది నా కోసం. మా తాత ఆయనను బతికిచ్చిండని ఊరూరు చెప్పుకుంటిమి. నా పెండ్లిల గుడ ఆ ముచ్చటే చెప్పిండ్రు. గా కాగితంల మా బాపు సంగతి గుడ ఉన్నది. చిన్నపిలగాడప్పుడు. నాకే తెల్వని సంగతి, ఏడనో జపానుల కూసున్న మనిషికి తెలుసు. నాకు శరం అనిపిచ్చింది. ఎందుకో చెప్పరాదు.”

వెంకట్రావు చాయి తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. అప్పుడు ఆయన చేసిన పని చూసి సుచిత్ర ఆశ్చర్యపోయింది. ఆయన నవ్వాడు.

“పోశన్నా, నా చివరి అధ్యాయం ఎన్నిసార్లు చింపానో తెలుసా?”

“తెల్వది.”

“నాలుగుసార్లు. రాసిన ప్రతిసారీ అందులో ఆయన మరీ మంచివాడైపోతున్నాడు. రాసిన నాకే నమ్మకం కుదరడం లేదు. అంత మంచివాడు నలభై ఆకులు ఏదో చెప్పబోయి చెప్పకుండా ఎందుకు తిరుగుతాడు? చిన్నప్పటి ఉప్పు మడులు, బొంబాయి వానలు, మీ తాత ఎద్దుల పేర్లు, అన్నీ రాశాడు. ఒక్కటి మాత్రం వాయిదా వేస్తూ వచ్చాడు. నాకు అనుమానం రాలేదనుకున్నావా?”

“వచ్చిందా?”

“ముప్పయ్యో ఆకు దగ్గరే వచ్చింది. అయినా నా గుండె ఆగలేదు. నువ్వే నీ బువ్వ ఆపుకున్నావు.”

పోశన్న తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిసుక్కుమంది. “ఇగ తింటవా? అంబలి తేవన్నా?”

“జరాగు,” అన్నాడు పోశన్న. కానీ ఆ గొంతులో బరువు దిగిపోయింది.

“రేపు ఆ అమ్మాయి అడుగుతుంది,” వెంకట్రావు అన్నాడు. “వాళ్ల ఊరి బడిలో పిల్లలకు ఆయన గురించి పాఠం చెబుతుందట. నాకు తెలియదని చెప్పలేను. తెలిసి దాచానని అంతకన్నా చెప్పలేను. కాగితం ఇస్తావా?”

“నీ కాగితమే. నాదెట్లైతది?”

“మీ తాతది. ఆయన పేరు మీద వచ్చింది. నువ్వు ఇస్తేనే తీసుకుంటా.”

పోశన్న లేచాడు. ఇంట్లోకి వెళ్లి బీరువా తెరిచిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన సర్వీసు పుస్తకం ఉంది. దాని మధ్యలోంచి ఆకు తీశాడు. దాని కోసిన అంచుకు కూడా పసుపు పెట్టి ఉంది. సున్నం తగలలేదు కాబట్టి ఇంకా పచ్చగానే ఉంది.

రెండు చేతులతో అందించాడు.

“దొంగతనం చేసినోన్ని నేనే సారూ. ఎవలడిగినా గట్లనే చెప్పు, నేను కాదనను. కని అసలు తప్పు చేసినోడు వేరే ఉన్నడు. ఆయన మాట ఆయన్నే చెప్పనీ. జర తెలుగుల సదువు. ముత్తవ్వ గుడ ఇననీ. మా తాతకు రాసిన ఉత్తరం, మా ఇంట్ల ఒక్కసారన్న పైకి సదవాలె గద.”

నాగవ్వ పసుపు గిల్లడం ఆపింది. వెంకట్రావు కళ్లజోడు సర్దుకున్నాడు. ఇంగ్లీషు వాక్యం ఒక్కొక్కటే చూసుకుంటూ, తెలుగులో, తొందరపడకుండా చదివాడు.

“‘గంగారాం, నేను సంతకం పెట్టలేదని మా దేశంలో అందరూ నమ్ముతారు. పెట్టాను.

ఉత్తర్వు ఉదయం పది గంటలకు నా బల్ల మీదికి వచ్చింది. ఏ ఊళ్ల ధాన్యం పోతుందో, ఆ ఊళ్లలో ఎంతమంది ఉన్నారో వరసగా రాసి ఉంది. చివరిదాకా చదివాను. సంతకం పెట్టి పంపించాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే ముద్ద దిగలేదు. నీ ఇంట్లో నువ్వు నాకు పోసిన జొన్నగంజి జ్ఞాపకం వచ్చింది. ఆ పదకొండు రోజులూ నీ పిల్లలు సగం కడుపుతో పడుకున్నారు. చిన్నవాడు ఒకసారి నా గిన్నె వైపు చూశాడు. నువ్వు వాణ్ణి బయటికి పంపావు. జ్వరంలో ఉన్నా నాకు అది తెలుసు. తెలిసే తాగాను.

సాయంత్రం రాజీనామా ఇచ్చాను. ఒంట్లో బాగాలేదని రాశాను. ఆ ఉత్తర్వు కాగితం తరువాత బాంబుల మంటల్లో కాలిపోయింది. నేను సంతకానికి ఒప్పుకోలేదని నా స్నేహితుడొకడు పత్రికలో రాశాడు. నేను కాదనలేదు. ఆ మాట చెప్పే ఓట్లు అడిగాను. గెలిచాను. ఈ సంగతి మా వాళ్లలో ఎవరికీ చెప్పే ధైర్యం నాకు లేదు. నీ గంజి తాగినవాణ్ణి కాబట్టి నీకు చెబుతున్నాను.

నన్ను ఎవరూ బెదిరించలేదు. నా చెయ్యి పట్టుకొని ఎవరూ పెట్టించలేదు. సంతకం నాది. కలం కూడా నాదే.’”